లోడ్ పెంచగానే బూస్ట్ కన్వర్టర్ బుసకొడుతోందా? ఆ కెపాసిటర్లను కాసేపు వదిలేయండి

మీరు చెప్పిన సమస్యను నాకు అర్థమైన మేరకు ఒకసారి రాస్తాను, తప్పుంటే సరిదిద్దండి. 12 వోల్టుల నుంచి 36 వోల్టులు తీసే బూస్ట్ కన్వర్టర్. దాన్ని నడిపే కంట్రోలర్ చిప్ యూసీ3843, క్లాక్ 100 కిలోహెర్ట్జ్, ఇండక్టర్ 100 మైక్రోహెన్రీలు, కరెంటును కొలిచే సెన్స్ రెసిస్టర్ 0.2 ఓమ్, అవుట్‌పుట్ 1 ఆంపియర్ కావాలి. లోడ్ 0.1 ఆంపియర్ దాకా అంతా బాగుంది. 0.15 దాటగానే ఇండక్టర్ బుసకొడుతోంది, స్విచ్‌గా పనిచేసే మాస్‌ఫెట్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది, స్కోప్‌లో గేట్ పల్సులు నిలవడం లేదు. మీటరులో మాత్రం 36 వోల్టులు స్థిరంగా ఉన్నాయి. ఎర్రర్ ఆంప్లిఫయర్ (అవుట్‌పుట్ వోల్టేజ్‌ను చూసి, కరెంటు ఎంతదాకా ఎక్కాలో నిర్ణయించే భాగం) చుట్టూ కెపాసిటర్లు మార్చి మార్చి విసిగిపోయారు. సిమ్యులేషన్ 60 డిగ్రీల ఫేజ్ మార్జిన్ ఉందంటోంది, అంటే వోల్టేజ్‌ను సరిదిద్దే లూప్ ఊగిసలాటకు చాలా దూరంగా ఉందని. "లూప్‌ను ఇంకెంత నెమ్మది చేయాలి?" అన్నది మీ ప్రశ్న.

లూప్‌ను నెమ్మది చేయడం వల్ల ఇది పోదు. మీ జబ్బు వోల్టేజ్ లూప్‌లో లేదు. దాని లోపల, ఒక క్లాక్‌కూ తర్వాతి క్లాక్‌కూ మధ్య ఉంది. ఈ సైకిల్‌లో కరెంటులో చిన్న తేడా వస్తే అది తర్వాతి సైకిల్‌కు ఎంత అవుతుంది, తగ్గుతుందా పెరుగుతుందా అన్న ఒక్క ప్రశ్నలో మొత్తం విషయం ఉంది.

మీ కంట్రోలర్ పని చేసే తీరు చూడండి. క్లాక్ కొట్టగానే మాస్‌ఫెట్ ఆన్ అవుతుంది. ఇండక్టర్ కరెంటు ఎక్కుతుంది. ఎర్రర్ ఆంప్లిఫయర్ గీసిన గీతను తాకగానే ఆఫ్ అవుతుంది, మళ్లీ క్లాక్ కొట్టేదాకా కరెంటు దిగుతుంది. ఎక్కే వాలు 12 వోల్టులు ÷ 100 మైక్రోహెన్రీలు, అంటే మైక్రోసెకనుకు 0.12 ఆంపియర్. దిగే వాలు (36 − 12) ÷ 100, అంటే మైక్రోసెకనుకు 0.24 ఆంపియర్. దిగడం ఎక్కడానికి రెండింతలు. డ్యూటీ, అంటే సైకిల్‌లో మాస్‌ఫెట్ ఆన్‌లో ఉండే భాగం, 0.667.

ఇప్పుడు ఏదో నాయిస్ వల్ల ఒక సైకిల్ 10 మిల్లీఆంపియర్లు ఎక్కువతో మొదలైందనుకోండి. గీతను కాస్త ముందే తాకుతుంది. ఎంత ముందు? 10 మిల్లీఆంపియర్లను ఎక్కే వాలుతో భాగించినంత. ముందే తాకింది కనుక దిగడానికి అంత సమయం అదనంగా దొరుకుతుంది. ఆ అదనపు సమయమంతా దిగే వాలుతో దిగుతుంది. కాబట్టి సైకిల్ చివర తేడా గుర్తు మారి, దిగే వాలు ÷ ఎక్కే వాలు రెట్లు అవుతుంది. మీ లెక్కలో సరిగ్గా 2 రెట్లు. డ్యూటీ 0.5 కంటే తక్కువుంటే ఈ రెట్ల సంఖ్య 1 కంటే చిన్నది, తేడా దానంతట అదే చచ్చిపోతుంది. 0.5 దాటితే ప్రతి క్లాక్‌కూ పెరుగుతుంది. ఇందులో ఎర్రర్ ఆంప్లిఫయర్ పాత్ర ఎక్కడా లేదని గమనించండి. మీరు మార్చిన కెపాసిటర్లు ఈ లెక్కలోకి రానే రావు.

మరి పెరుగుతూ పెరుగుతూ ఎక్కడికి పోతుంది? ఇది కాగితం మీద చేసి చూడాల్సిన లెక్క. కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. గీత 3.4 ఆంపియర్ల దగ్గర కదలకుండా ఉందనుకుందాం. ప్రతి సైకిల్ మొదట కరెంటు 2.6 ఉండాలి. పూర్తి 10 మైక్రోసెకన్లు ఆన్‌లో ఉంటే 1.2 ఆంపియర్లు ఎక్కుతుంది. అంటే సైకిల్ 2.2 కంటే కింద మొదలైతే ఆ సైకిల్‌లో గీతను తాకలేదు, మాస్‌ఫెట్ ఆఫ్ కాకుండానే తర్వాతి క్లాక్ వచ్చేస్తుంది. (నిజమైన చిప్‌లో ప్రతి సైకిల్ చివర కాస్త తప్పనిసరి ఆఫ్ సమయం ఉంటుంది. విషయం అర్థం కావడానికి దాన్ని పక్కన పెడదాం.) కనుక నియమాలు రెండే. తేడా −400 మిల్లీఆంపియర్ల కంటే పైన ఉంటే −2తో గుణించాలి. అంతకంటే కింద ఉంటే 1200 కలపాలి.

7 మిల్లీఆంపియర్ల తేడాతో మొదలుపెట్టండి: 7, −14, 28, −56, 112, −224, 448, −896. ఇక్కడ గీతను తాకలేదు, 1200 కలపాలి: 304. తర్వాత −608, మళ్లీ తాకలేదు: 592. తర్వాత −1184, మళ్లీ తాకలేదు: 16. అక్కడి నుంచి −32, 64, −128, 256, −512, 688... ఇలా సాగుతూనే ఉంటుంది. ఇప్పుడు 7 బదులు 8తో చేయండి: 8, −16, 32, −64, 128, −256, 512, −1024, 176, −352, 704. మొదట ఒక్క మిల్లీఆంపియర్ తేడా ఉన్న రెండు వరుసలు తొమ్మిదో అంకెకు, అంటే దాదాపు 80 మైక్రోసెకన్లకు, 304 ఒక చోట, 176 ఇంకో చోట. ఇక వాటికి పోలికే లేదు. కేయాస్ అంటే ఇదే. నియమం స్కూలు లెక్కంత సులువు, ఎక్కడా పాచికలు లేవు, అయినా పది పన్నెండు క్లాక్‌ల తర్వాత ఏమవుతుందో చెప్పాలంటే ఇప్పటి కరెంటు మిల్లీఆంపియర్‌లో పదో వంతు వరకు తెలియాలి. సాగదీయడం (−2తో గుణించడం), మడవడం (1200 కలపడం) రెండూ కలిసి చేసే పని అది. నేను ఈ లెక్కను మొదటిసారి చేతితో చేసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. అంతవరకు స్కోప్‌లో కనిపించిన గోలంతా నాయిస్ అనే అనుకునేవాణ్ణి.

ఇక మీరు గమనించిన రెండు విషయాలకు వస్తాను. రెండూ చాలా విలువైనవి.

మొదటిది బుస. "సబ్‌హార్మోనిక్ అంటే క్లాక్‌లో సగం, 50 కిలోహెర్ట్జ్, అది చెవికి వినబడదు కదా" అని చాలామంది ఈ కారణాన్ని కొట్టిపారేస్తారు. ఒక వెడల్పు పల్సు, ఒక సన్న పల్సు అంటూ శుభ్రంగా రెండేసి చొప్పున తిరుగుతుంటే నిజమే, వినబడదు. కానీ పైన వేసిన అంకెల వరుసలా చెదిరే నిజమైన కరెంటు, ఖచ్చితంగా అదే చోటికి తిరిగి రాదు. అందుకే దాని స్పెక్ట్రమ్ గీతలుగా కాకుండా నిరంతరంగా పరుచుకుంటుంది, వినబడే పరిధిలోకీ దిగుతుంది. ఈల వేసినట్టు ఒకే స్వరం వస్తే ఎక్కడో ఒక నిర్దిష్టమైన ఊగిసలాట ఉందని అర్థం. బుస వస్తే కేయాస్‌ను అనుమానించాలి. మీరు "ఈల" అనకుండా "బుస" అని రాయడం వల్లే నాకు సగం సంగతి తెలిసిపోయింది.

రెండోది 0.15 ఆంపియర్. మీ రిపుల్, అంటే ఒక సైకిల్‌లో కరెంటు ఎక్కి దిగే ఎత్తు, 0.12 × 6.67 = 0.8 ఆంపియర్. ఇన్‌పుట్ సగటు కరెంటు అందులో సగం, అంటే 0.4 కంటే తక్కువుంటే, ప్రతి సైకిల్‌లోనూ ఇండక్టర్ ఖాళీ అయిపోతుంది. 12 × 0.4 = 4.8 వాట్లు, 36 వోల్టుల దగ్గర అది 0.13 ఆంపియర్. అంతకు తక్కువ లోడ్‌లో ప్రతి సైకిల్ సున్నా నుంచి మొదలవుతుంది, గత సైకిల్ చేసిన తప్పు జ్ఞాపకం ఉండదు. 0.13 దాటాక ఇండక్టర్‌లో కరెంటు మిగులుతుంది, జ్ఞాపకం మొదలవుతుంది, గోల మొదలవుతుంది. మీరు చెప్పిన 0.1కీ 0.15కీ మధ్యలో ఈ 0.13 కూర్చుంది. ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు అక్కర్లేదు.

అయినా నా మాట నమ్మి బోర్డు మీద సోల్డరింగ్ మొదలుపెట్టకండి. ముందు ఈ పరీక్ష చేయండి. లోడ్ 0.3 ఆంపియర్ దగ్గర ఉంచి, ఇన్‌పుట్‌ను ల్యాబ్ సప్లైతో 12 నుంచి మెల్లగా పెంచుకుంటూ పోండి. మీ ఇన్‌పుట్ కెపాసిటర్ రేటింగ్ 25 వోల్టులైనా ఉందేమో ముందు చూసుకోండి. 18 వోల్టుల దగ్గర డ్యూటీ 0.5 అవుతుంది. డయోడ్ డ్రాప్ కలిపితే అంతకు కాస్త పైన. ఆ చుట్టుపక్కల బుస ఒక్కసారిగా ఆగిపోయి, పల్సులు నిలబడితే ఇక సందేహం లేదు.

స్కోప్‌లో చూసేటప్పుడు గేట్ మీద ట్రిగ్గర్ పెట్టకండి. అదే ఊగుతుంటే ఏం కనబడుతుంది? టైమింగ్ కెపాసిటర్ పిన్ మీద ట్రిగ్గర్ పెట్టి, గేట్‌ను రెండో ఛానెల్‌లో చూడండి. ఆ పిన్ మీద రంపం పళ్లలా కనిపించే వోల్టేజ్ (టైమింగ్ రంపం) రాయిలా నిలబడి, గేట్ పల్సు మొదలయ్యే అంచూ నిలబడి, ఆగే అంచు మాత్రమే చెదిరిపోతుంటే అది మనం చెప్పుకున్న జబ్బే. రంపమే వణుకుతుంటే గ్రౌండ్ నాయిస్. పల్సులు మొదలైన 0.3 మైక్రోసెకన్లలోపే తెగిపోతుంటే, మాస్‌ఫెట్ ఆన్ అయిన క్షణంలో వచ్చే ముల్లులాంటి స్పైక్ సెన్స్ పిన్‌ను మోసం చేస్తోందని అర్థం. సెన్స్ పిన్ దగ్గర 1 కిలోఓమ్, 470 పికోఫారడ్‌లతో ఫిల్టర్ ఉందో లేదో చూడండి. ఆ కెపాసిటర్ చిప్‌ను ఆనుకుని ఉండాలి.

ఇక మందు. దాని పేరు స్లోప్ కాంపెన్సేషన్. సెన్స్ సిగ్నల్‌కు క్లాక్‌తో పాటు ఎక్కే కృత్రిమమైన రంపాన్ని కలపడం. అప్పుడు తేడా రెట్ల సంఖ్య (దిగే వాలు − రంపం వాలు) ÷ (ఎక్కే వాలు + రంపం వాలు) అవుతుంది. రంపం వాలు దిగే వాలులో సగం ఉంటే, మీ లెక్కలో 0.12 ÷ 0.24 = 0.5. దిగే వాలులో సగానికి తగ్గకుండా ఉంటే ఏ డ్యూటీ దగ్గరైనా స్థిరత్వం ఖాయం. నేను మాత్రం 75 శాతం పెడతాను. అప్పుడు 0.06 ÷ 0.30 = 0.2. తేడా ప్రతి క్లాక్‌కూ ఐదో వంతవుతుంది, మూడు క్లాక్‌లలో ఆనవాలు ఉండదు. పూర్తిగా 100 శాతం పెడితే తేడా ఒక్క సైకిల్‌లోనే మాయమవుతుంది కదా అని ఆశ పుడుతుంది. కానీ రంపం ఎంత పెంచితే కరెంటు సిగ్నల్ మాట అంత తక్కువ వినబడుతుంది, కన్వర్టర్ మెల్లగా వోల్టేజ్ మోడ్ (కరెంటును చూడకుండా వోల్టేజ్‌నే చూసి నడిచే పద్ధతి) వైపు జారుతుంది, కరెంటు లిమిట్ కూడా తగ్గుతుంది.

ఆ చివరి మాట దగ్గర మీ బోర్డులో ఒక చిక్కు ఉంది. యూసీ3843 సెన్స్ పిన్ 1 వోల్టు దగ్గర పల్సును కోసేస్తుంది. మీ ఇన్‌పుట్ 10 వోల్టులకు పడిపోయినప్పుడు పీక్ కరెంటు దాదాపు 4 ఆంపియర్లు. 0.2 ఓమ్ మీద అదే 0.8 వోల్టు. దాని మీద 36 మిల్లీవోల్టుల వాలున్న రంపం 7.2 మైక్రోసెకన్లలో ఇంకో 0.26 వేస్తుంది. మొత్తం 1 వోల్టు దాటిపోయింది. బుస పోతుంది, దాంతోపాటు ఫుల్ లోడ్ కూడా పోతుంది. అప్పుడు మీరు మళ్లీ లూప్‌ను అనుమానిస్తారు. కాబట్టి సెన్స్ రెసిస్టర్‌ను 0.15 ఓమ్‌కు మార్చండి. దిగే వాలు అప్పుడు మైక్రోసెకనుకు 36 మిల్లీవోల్టులు, అందులో 75 శాతం 27. 10 వోల్టుల దగ్గర మొత్తం 0.8 వోల్టు లోపే ఉంటుంది.

రంపం ఎక్కడి నుంచి? టైమింగ్ పిన్ మీద సుమారు 1.7 వోల్టుల ఎత్తున్న రంపం సిద్ధంగా ఉంది. దాని వాలు మైక్రోసెకనుకు దాదాపు 170 మిల్లీవోల్టులు. ఆ పిన్ నుంచి రెసిస్టర్‌తో నేరుగా లాగకండి, క్లాక్ మారిపోతుంది. మామూలు ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ ఒకటి తీసుకుని బేస్ టైమింగ్ పిన్‌కు, కలెక్టర్ 5 వోల్టుల రిఫరెన్స్‌కు, ఎమిటర్ 6.2 కిలోఓమ్ గుండా సెన్స్ పిన్‌కు కలపండి. సెన్స్ రెసిస్టర్ నుంచి వచ్చే 1 కిలోఓమ్ ఎలాగూ ఉంది. 170 ÷ 6.2 చేస్తే 27 వస్తుంది, మనకు కావలసినదే. ఆ రంపం తిన్నని గీత కాదు, పైకి పోయేకొద్దీ కాస్త వంగుతుంది. 50 శాతం దగ్గర అంచు మీద నిలబడకుండా 75 తీసుకోమన్నది అందుకు కూడా.

మరి సిమ్యులేషన్ ఎందుకు అబద్ధం చెప్పింది? మీరు వాడింది సగటు మోడల్. మిడిల్‌బ్రూక్, చూక్ 1976లో ఇచ్చిన స్టేట్ స్పేస్ ఆవరేజింగ్ పద్ధతి నుంచి వచ్చినది. గొప్ప పనిముట్టు, నేను రోజూ వాడతాను. కానీ అది ఒక సైకిల్ మొత్తాన్ని సగటు చేసేస్తుంది. సైకిల్‌కూ సైకిల్‌కూ మధ్య జరిగే గొడవ ఆ సగటులోనే తుడిచిపెట్టుకుపోతుంది. రే రిడ్లీ 1990 ప్రాంతంలో కరెంట్ మోడ్‌కు (మీ కంట్రోలర్‌లా ప్రతి సైకిల్‌లో కరెంటును చూసి నడిచే పద్ధతికి) ఇచ్చిన మోడల్ ఈ లోటు తీర్చింది. క్లాక్‌లో సగం ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగే స్వభావాన్ని సూచించే ఒక జంట పోల్ పెట్టి, ఆ ఊపు ఎంత బలమో చెప్పే క్యూ విలువకు 1 ÷ (π × (రంపం గుణకం × ఆఫ్ భాగం − 0.5)) అని సూత్రం ఇచ్చింది. రంపం గుణకం అంటే 1 + (రంపం వాలు ÷ ఎక్కే వాలు). మీ బోర్డుకు ఇప్పుడు వేస్తే క్యూ −1.9. ఆ మైనస్ గుర్తే పల్సులు ఎందుకు నిలవడం లేదో చెప్పేస్తోంది. 75 శాతం రంపంతో 0.95 అవుతుంది. ఇంతకంటే మంచి విలువ కోసం వెతకక్కర్లేదు.

సిమ్యులేషన్ చేయాలనుకుంటే స్విచ్‌తో సహా చేయండి, టైమ్ స్టెప్ 20 నానోసెకన్లకు మించనివ్వకండి. ప్రతి క్లాక్ క్షణంలో ఇండక్టర్ కరెంటును ఒక వరుసగా రాసుకోండి. ఒకే అంకె పదే పదే వస్తే ఆరోగ్యం. రెండు అంకెలు మారిమారి వస్తే సబ్‌హార్మోనిక్. చెల్లాచెదురైతే కేయాస్.

ఇక్కడ ఒక మాట. కేయాస్ అనగానే పుస్తకాల్లో రెండు, నాలుగు, ఎనిమిది అంటూ మెట్లుమెట్లుగా పీరియడ్ రెట్టింపయ్యే బొమ్మ చూపిస్తారు. 4.669 అన్న ఫైగన్‌బామ్ సంఖ్య చెబుతారు. వోల్టేజ్ మోడ్ బక్ (వోల్టేజ్ తగ్గించే) కన్వర్టర్‌లో అలాంటి దారి నిజంగా కనిపిస్తుంది. సర్రే విశ్వవిద్యాలయంలో హామిల్, డీన్ 1990ల మొదట్లో పరిశీలించిన సర్క్యూట్‌లో ఇన్‌పుట్ సుమారు 24 వోల్టులు దాటగానే పీరియడ్ రెట్టింపై, 32 దాటాక పెద్ద కేయాస్ వస్తుంది. కానీ మన అంకెల లెక్కలాంటి సర్క్యూట్‌లో మెట్లు ఉండవు. గుణకం 1 దాటిన మరుక్షణం స్థిరమైన పీరియడ్ ఒక్కటీ మిగలదు. వంపులు లేని సరళరేఖల ముక్కలతో చేసిన మ్యాప్ (ఈ సైకిల్ తేడా నుంచి తర్వాతి తేడా చెప్పే నియమం) కనుక అలా జరుగుతుంది. ఈ రకం కేయాస్ మధ్యలో స్థిరపడే కిటికీలు లేకుండా నిలిచి ఉంటుందని సౌమిత్రో బెనర్జీ, యార్క్, గ్రెబోగీ 1998లో చూపించి దానికి రోబస్ట్ కేయాస్ అని పేరు పెట్టారు. బెనర్జీ అప్పట్లో ఖరగ్‌పూర్ ఐఐటీలో ఉన్నారు. మీకు ఇది ఎందుకు పనికొస్తుందంటే, స్కోప్‌లో శుభ్రమైన వెడల్పు, సన్నం జంట కోసం వెతికి, అది కనబడలేదు కనుక సబ్‌హార్మోనిక్ జబ్బు కాదని తేల్చేయకూడదు. సరిహద్దుకు కాస్త పైన కూడా అంచులు మసకగా ఉన్న జంటే కనిపించవచ్చు.

ఈ పొరపాటు నేనే చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక బ్యాటరీ మీద నడిచే బూస్ట్ సప్లై నా చేతికి వచ్చింది. నిండు బ్యాటరీతో బల్ల మీద అన్ని పరీక్షలూ పాసయింది. వాడేవాళ్ల దగ్గర బ్యాటరీ దిగాక మాస్‌ఫెట్లు కాలిపోయేవి. మూడు వారాలు కాంపెన్సేషన్ కెపాసిటర్లతో కుస్తీ పట్టాను. లూప్ నెమ్మది చేసినకొద్దీ ట్రాన్సియెంట్ (లోడ్ మారినప్పుడు తేరుకునే తీరు) చెడింది తప్ప వేడి తగ్గలేదు. చివరికి ఇండక్టర్ వైరుకు కరెంట్ ప్రోబ్ తగిలించి, బ్యాటరీ బదులు సప్లై పెట్టి, వోల్టేజ్‌ను మెల్లగా దించాను. ఒక చోట వరకు త్రిభుజాలన్నీ ఒకే ఎత్తు. అర వోల్టు దించేసరికి ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఇంకాస్త దించగానే మొత్తం చెదిరిపోయింది. అప్పుడు గానీ డ్యూటీ లెక్క వేసి చూడలేదు. రెండు రెసిస్టర్లు, ఒక ట్రాన్సిస్టర్‌తో తీరిపోయిన సమస్య అది. రిపుల్ పెరిగితే వేడి పుట్టించే ఆర్‌ఎంఎస్ కరెంటూ పెరుగుతుంది, ఇండక్టర్ కోర్ నష్టమూ పెరుగుతుంది. అవుట్‌పుట్ మీటర్ మాత్రం సగటు చూపిస్తూ అంతా బాగుందంటుంది. మీ మాస్‌ఫెట్ వేడి కూడా అక్కడిదే.

కొందరు కేయాస్ వల్ల ఈఎంఐ (ఇతర పరికరాలకు అడ్డుపడే విద్యుదయస్కాంత గోల) పరుచుకుని శిఖరాలు తగ్గుతాయి కాబట్టి ఉండనిమ్మంటారు. శిఖరాలు తగ్గడం నిజమే. కానీ దానికి క్లాక్‌ను కావాలనే కొద్దిగా ఊపే పద్ధతి ఉంది, అది మన అదుపులో ఉంటుంది. దారి తప్పిన కరెంటుతో ఆ పని చేయించుకోవడం నాకు సమ్మతం కాదు.

రంపం పెట్టాక కూడా ఏదైనా ఊగిసలాట మిగిలితే దాని ఫ్రీక్వెన్సీ కొలవండి. కొన్ని వందల హెర్ట్జ్ నుంచి కొన్ని కిలోహెర్ట్జ్ దాకా నున్నగా ఊగుతుంటే అప్పుడు లూప్‌ను చూడాలి. బూస్ట్‌కు కుడివైపు సున్నా (రైట్ హాఫ్ ప్లేన్ జీరో) ఉంటుంది, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర లూప్ తన దిద్దుబాటుకు ఎదురు తిరుగుతుంది. మీ లోడ్ 36 ఓమ్‌లు, ఆఫ్ భాగం 0.333 కనుక అది దాదాపు 6.4 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. క్రాసోవర్‌ను, అంటే లూప్ పనిచేయగల పై ఫ్రీక్వెన్సీని, 1.3 కిలోహెర్ట్జ్ దాటనివ్వకండి. ఇన్‌పుట్ వోల్టేజే ఊగుతుంటే పొడవాటి వైర్లనో ఇన్‌పుట్ ఫిల్టర్‌నో అనుమానించండి. 36 వాట్లు స్థిరంగా లాగే కన్వర్టర్ 12 వోల్టుల సోర్స్‌కు −4 ఓమ్‌ల రెసిస్టర్‌లా కనిపిస్తుంది. వోల్టేజ్ తగ్గితే ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇన్‌పుట్ మీద 470 మైక్రోఫారడ్‌ల మామూలు ఎలక్ట్రోలైటిక్ వేసి చూడండి. దాని లోపలి రెసిస్టెన్సే ఆ ఊపును మింగుతుంది. సిరామిక్ ఇక్కడ పనికిరాదు.

క్రమం మాత్రం తప్పకండి. ముందు 18 వోల్టుల పరీక్ష, తర్వాత 0.15 ఓమ్, తర్వాత రంపం. ఆ మీదట ఇన్‌పుట్ 10 వోల్టుల దగ్గర, ఫుల్ లోడ్‌లో, బోర్డు పూర్తిగా వేడెక్కాక టైమింగ్ పిన్ ట్రిగ్గర్‌తో గేట్ ఆగే అంచును చూడండి. అది సన్నని గీతలా నిలబడ్డాకే ఎర్రర్ ఆంప్లిఫయర్ కెపాసిటర్లు చేతిలోకి తీసుకోండి. అంతవరకు మీ సిమ్యులేషన్ చూపే 60 డిగ్రీలకు ఈ బోర్డుతో సంబంధం లేదు.